పన్నెండో మార్పు, నాలుగో స్క్రూ

ధనంజయ సార్‌కు ఉన్న అలవాటు ఒక్కటే: కనబడిన తలుపుకల్లా ఒక స్క్రూ పీకడం. పిచ్చి అంటారా, నాతో పోట్లాటకు రండి. నేను ఆయన శిష్యుణ్ణి.

తొంభై తొమ్మిదిలో తిరుపతిలో, మా కాలేజీలో ఆయన చెయ్యి పడని తలుపు లేదు. క్యాంటీన్ బీరువా తలుపు ఊడి సాంబారు గిన్నెలో పడితే, "సూడప్పా, పై స్క్రూనే ముఖ్యం" అని నోట్‌బుక్కులో రాసుకున్నారు. పుత్తూరు బస్సు తలుపు జోలికి పోయినందుకు కండక్టర్ దించేస్తే, రేణిగుంట నుంచి నడిచి వచ్చారు.

ఆయన పరిశోధనా అదే. మామిడిపండు మీది బూజు చక్కెర తినాలంటే దాని కణం పొరలో ఒక తలుపు ఉంటుంది. ఆ తలుపు ఒక ప్రోటీన్, ఐదు వందల పైచిలుకు అమైనో ఆమ్లాలు దండ గుచ్చినట్టు. వాటిలో ఒక్కొక్కదాన్నీ మార్చి, బూజు తింటుందా, పస్తుంటుందా అని చూడాలి. చూసేది ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసే బంగారుపాళ్యం అమ్మాయి లోకేశ్వరి. నాలుగేళ్లలో పదకొండు మార్చింది. పదకొండుసార్లూ బూజు సుబ్బరంగా తిని బలిసింది.

"పదకొండు మార్చినా ఏమీ జరగలేదు," అన్నారు విభాగాధిపతి బాలసుబ్రమణ్యం గారు. "సోమవారం కమిటీకి ఫలితం చూపించకపోతే ఈ పాప రిజిస్ట్రేషన్ రద్దు."

"ఆ పదకొండూ ఊరికే ఉండాయని మునుపు మీకు తెలుసునా సార్? ఇప్పుడు తెలిసె గదా."

"ధనంజయా, నీకు స్క్రూ లూజయ్యా."

"ఏ స్క్రూనో చెప్పండి సార్, రాసుకుంటా."

బాలసుబ్రమణ్యం గారికి మండింది. శుక్రవారం సాయంత్రం, సెలవుల్లో కరెంటు దండగని ప్రయోగశాలకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని చిత్తూరు వెళ్లిపోయారు. లోపల పన్నెండో మార్పు చేసిన బూజు పెంచుతున్న ప్లేట్లు. ఆదివారం చూడకపోతే వేరే బూజు పడి పాడవుతాయి.

ఆదివారం పొద్దున లోకేశ్వరి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. నేను రాయి తీసుకున్నాను.

"తాళం ముట్టుకోవద్దప్పా, అది ఆయనది," అన్నారు ధనంజయ సార్. స్క్రూడ్రైవర్ తీసి గొళ్ళేనికి ఉన్న ఒక్క స్క్రూ తిప్పి ఊడదీశారు. గొళ్ళెం తాళంతో సహా వేలాడింది. తలుపు తెరుచుకుంది.

"దీనికి నాలుగు ఉండాల గదా సార్, మిగతా మూడూ యాడ?" అంది లోకేశ్వరి కళ్లు తుడుచుకుంటూ.

"నెలకొకటి పీకినాను పాపా. ఆయన ఎప్పుడో ఒకరోజు నీకు తాళం వేస్తాడని తెలుసు."

"మరి క్యాంటీన్ బీరువా?" అన్నాను నేను.

"ఈ ఒక్క తలుపే పీకితే అనుమానం రాదా?"

పన్నెండోది ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం. అది మారిపోయేసరికి బూజు చక్కెర నడుమ కూర్చుని పస్తు పడుకుంది. లోకేశ్వరి ఈసారి నవ్వుతూ ఏడ్చింది. పోతూ పోతూ ధనంజయ సార్ ఆ ఒక్క స్క్రూ మళ్ళీ బిగించారు.

సోమవారం బాలసుబ్రమణ్యం గారు తాళం తీసి కమిటీని లోపలికి తెచ్చారు. బల్ల మీద ఫలితాలు సిద్ధంగా ఉన్నాయి. కమిటీ వాళ్లు లోకేశ్వరిని మెచ్చుకున్నారు. ఆయన మాత్రం గొళ్ళెం వంక చాలాసేపు చూసి, వారం తిరక్కుండా ఎనిమిది స్క్రూల గొళ్ళెం కొత్తది బిగించారు.

ధనంజయ సార్ దాన్ని ప్రేమగా నిమిరారు.

"మంచిదేలే. తర్వాత వచ్చే పాపకు ఎనిమిది నెలలు టైముండాది."