డ్రమ్ముల పెదనాన్న

మా పెదనాన్నను చుట్టాలందరూ డ్రమ్ముల పెదనాన్న అనే అంటారు. ఆయన చేసింది లిఫ్టులు బాగుచేసే పని. డ్రమ్ముల సంగతి పెళ్లికి ముందు మాట. సంబంధం తెచ్చిన మధ్యవర్తి "అబ్బాయి డ్రమ్ముల దగ్గర పనిచేస్తాడు" అన్నాడట. అప్పటికే పెద్దమ్మకు ఒక బ్యాంకు గుమాస్తా సంబంధం దాదాపు ఖాయమైంది. డ్రమ్ములనగానే ఆమె, వాయించేవాడే కావాలని గుమాస్తాను కాదనేసింది. ఆ ముచ్చట మాకు చెప్పని రోజు లేదు.

పెదనాన్న ఆ సంగతి ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఎందుకు మానేశారని అడిగితే "నడుము పట్టేసింది" అనేవాడు. పెద్దవి ఉండేవా అంటే "ఒక్కోటి లేపాలంటే ఇద్దరు కావాలి" అనేవాడు. ఎప్పుడైనా "నిండుది మోగదమ్మా, ఖాళీదే మోగుతుంది" అని ఊరుకునేవాడు. నిండు కుండ తొణకదన్నట్టు ఇదేదో కళాకారుల వేదాంతం కాబోలని మేమంతా తలలూపేవాళ్ళం. మా తలలకు అంతకంటే పనేముంది?

ఆయన రిటైరవగానే, వదిలేసిన కళను మళ్ళీ ఆయన చేతిలో పెట్టాలని పెద్దమ్మ పట్టుబట్టింది. ఎక్కడికో చెప్పకుండా ఆమే నేనూ కలిసి ఆయన్ని వాద్యాల దుకాణానికి తీసుకెళ్ళాం. బిగించి ఉన్న డ్రమ్ సెట్ల వరుస చూడగానే ఆయన ముఖంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. సంతోషం పట్టలేకపోతున్నాడనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

పెద్దమ్మ తిన్నగా అన్నిటికన్నా పెద్ద సెట్టు దగ్గరికి వెళ్ళింది. రెండు కాళ్ళకూ పెడళ్ళు, నెత్తిమీద గొడుగుల్లా ఇత్తడి పళ్ళేలు.

"మా ఆయనకి ఇది కావాలి" అంది.

"సర్ ఎంతవరకు వాయిస్తారాంటీ?" అని దుకాణంలో పనిచేసే అమ్మాయి అడిగింది. "కొత్తవాళ్ళకి ఇది పనికిరాదు. ఇన్ని ఉంటే ఏది కొట్టాలో తెలీక చెయ్యి ఆగిపోతుంది. వాళ్ళకి ఆ మూల ఉన్న ఐదు డ్రమ్ములది చాలు. చెయ్యి బాగా తిరిగినవాళ్ళయితేనే ఇది."

"ఈయన చెయ్యి నీ వయసప్పుడే తిరిగింది" అంటూ పెద్దమ్మ రెండు కర్రలు తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన వాటిని రెంచీ పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"నాకు రాదే" అన్నాడు.

"మర్చిపోయుంటారు. కూర్చుంటే అదే వస్తుంది."

"మర్చిపోడానికి ఎప్పుడైనా వస్తే కదా. నేను చేసింది రంగుల ఫ్యాక్టరీలో. రంగు పోసే డ్రమ్ములు. నింపడం, మూత బిగించడం, దొర్లించుకుంటూ లారీ దగ్గరికి చేర్చడం. అదీ నా డ్రమ్ముల పని."

నేను కొయ్యబారిపోయాను. పట్టేసిన నడుము, లేపడానికి కావలసిన ఇద్దరు, మోగని నిండుది, ఒక్కొక్కటీ వెనక్కొచ్చి నా చెంప ఛెళ్ళుమనిపించాయి. ఈ మనిషి ఇన్నేళ్ళలో ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. అది తలచుకుంటే ఇంకా మతిపోయింది.

పెద్దమ్మ అక్కడున్న స్టూలు మీదే కూలబడింది. నాకు భయమేసింది. ఆమె ఒకరిని కాదని ఇంకొకరిని చేసుకున్నది ఆ ఒక్క మాట నమ్మి. ఇప్పుడా మాటే లేకుండా పోయింది.

"నాకెందుకు చెప్పలేదు?" అంది.

"నువ్వలా అనుకున్నావని పెళ్లయ్యాకే తెలిసింది. అప్పటికే మీ అక్కచెల్లెళ్ళందరికీ టాంటాం వేసేశావు. చెబితే వెళ్ళిపోతావేమోనని భయపడ్డా. తర్వాత చెబుదాం, తర్వాత చెబుదాం అనుకుంటూనే..."

దుకాణం అమ్మాయి పక్కకు తిరిగి, శుభ్రంగా ఉన్న అద్దాన్నే మళ్ళీ తుడవసాగింది. పెద్దమ్మ లేచింది.

"అమ్మాయ్, ఆ కొత్తవాళ్ళదే ఇచ్చెయ్."

"సర్‌కేనా ఆంటీ?"

"నాకు. ఈయన వాయిస్తాడని ఇన్నేళ్ళు ఎదురుచూశా. ఇక నేనే వాయిస్తాను."

"డ్రమ్ములనా, నన్నా?" అన్నాడు పెదనాన్న మెల్లగా. పెద్దమ్మ నవ్వలేదు. నేను నవ్వబోయి మింగేశాను.

కొత్తది గోదాములో లేదని, బిగించి ఉన్నదాన్నే విప్పి ఇచ్చారు. ఎవరూ అడక్కముందే పెదనాన్న అన్నిటికన్నా పెద్ద డ్రమ్మును కాస్త వాల్చి, అంచుమీద నిలబెట్టి, ఒంటిచేత్తో తిప్పుకుంటూ బయలుదేరాడు. స్టూళ్ళ సందుల్లోంచి, గుమ్మం దగ్గర మలుపు తిప్పి, బయట ఆగిన వ్యాను దాకా. దేనికీ తగల్లేదు, చిన్న చప్పుడు కూడా కాలేదు. గీతలు పడతాయని అరవబోయిన దుకాణం అమ్మాయి నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. ఇన్నాళ్ళూ మాకు తెలిసిన పెదనాన్న ఈయనేనా అనిపించింది నాకు.

పెద్దమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఇదా మీరు చేసేది?"

"ఇదే. అప్పుడే చూపించుంటే నన్ను చేసుకునేదానివా?"

పెద్దమ్మ నిజంగానే ఆలోచించింది.

"చేసుకునేదాన్ని కాదు" అంది.

ఆయన తల దించుకుని వ్యాను తలుపు తీశాడు. పెద్దమ్మ కర్రలు చంకలో పెట్టుకుని మెట్లు దిగి వచ్చి, డ్రమ్ము రెండో వైపు పట్టుకుంది.

"ఇద్దరు కావాలన్నారుగా. లేపండి" అంది.