డ్రాయింగ్ మాస్టారు వేసిన మీసాలు

ఈ ఉదయం ఏడుంబావుకి పక్కింటివాళ్ళు గేటుకి రంగు వెయ్యడం మొదలుపెట్టారు. టర్పెంటైన్ వాసనకి, నెల కిందట పోయిన మా డ్రాయింగ్ మాస్టారు గుర్తొచ్చారు.

చిన్నప్పుడు మా దీవిలో, బెస్తవాళ్ళుండే బతు బస్తీలో, మా ఇళ్ళలో ఫోటోలు ఉండేవి కావు. వేటకెళ్ళి సముద్రంలో పోయినవాళ్ళ మొహాలు మాస్టారే వేసేవారు, ఆదివారాలు, వాళ్ళ పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని. నాన్న పడవ తిరిగి రాని ఏడాది నాకు ఆరేళ్ళు. మొహాలు ఇలా వేస్తారన్న సంగతి నాకు తెలీదు. మాస్టారు నా బొమ్మ వేస్తున్నారని బడంతా చెప్పుకుని, పండగ గౌను వేసుకుని కూర్చున్నాను.

"హిలో మత్ తల్లీ, కదిలితే మొహం పోతుంది," అనేవారాయన.

అమ్మ ఆయన వెనక నిలబడి, "ముక్కు ఇంకాస్త వెడల్పు మాస్టారూ. కళ్ళు మాత్రం ఈ గుంటవే," అనేది.

సంవత్సరీకం నాడు బొమ్మ మీద గుడ్డ తీశారు. మీసాలతో ఒక మగమనిషి. నా పక్కన కూర్చున్న బడి స్నేహితురాలు సుశీల నా చెవిలో, "అరే, నీకు మీసాలెప్పుడొచ్చాయే?" అంది. సిగ్గుతో తలెత్తలేక ఏడ్చాను. నాన్న కోసమనుకుని అందరూ నన్ను దగ్గరికి తీసుకున్నారు. అమ్మ మాత్రం బొమ్మనీ నన్నూ మార్చి మార్చి చూసి, "వచ్చేడే మీ నాన్న," అంది.

ఆ ఏడుపు ఎందుకో అమ్మ పోయేదాకా చెప్పలేకపోయాను. అద్దంలో ఆ కళ్ళు కనిపించినప్పుడల్లా ఇప్పటికీ సిగ్గేస్తుంది. అది మీసాల సిగ్గు కాదు.

మాస్టారి దినానికి, ఎవరో సెల్‌ఫోన్లో తీసిన ఫోటో పెద్దది చేయించి పెట్టారు. పిల్లల్ని కూర్చోబెట్టి పోయినవాళ్ళ మొహాలు ఇప్పుడు బతు బస్తీలో ఎవరూ వెయ్యరు.