పక్కింటి అక్క వాచీలో కెంపులు

నా చిన్నప్పుడు నా అంత కుళ్ళుబోతు పిల్ల వికారాబాద్ మొత్తంలో ఉండేది కాదు. ఎవరికి కొత్త లంగా కుట్టించినా నాకు అన్నం దిగేది కాదు. అందులోనూ పక్కింటి అక్క అంటే మరీ మంట. పొడుగు జడ ఆమెదే, మంచి గొంతు ఆమెదే. పొద్దున లేస్తే మా అమ్మ కూడా ఆమెనే మెచ్చుకునేది.

అట్లాంటి అక్కకు తాండూరు సంబంధం కుదిరింది. పూలు పండ్లు పెట్టి పెళ్ళి ఖాయం చేసుకున్న రోజు పెళ్ళికొడుకు వాళ్ళు ఆమె చేతికి చిన్న విలాయతి వాచీ కట్టారు. వాచీ కావాలని పెళ్ళికొడుకులు అలగడమే చూశాం గానీ, పెళ్ళికూతురికి కట్టడం మా వాడలో ఎవరూ ఎరగరు. అక్క ఇక ఏం చూపించినా ఆ చేత్తోనే చూపించేది. నాకు ఏడుపొచ్చేది.

కొన్నాళ్ళకు గుసగుసలు మొదలయ్యాయి. తాండూరోళ్ళు పెట్టింది నకిలీదట, పేరు మాత్రమే విలాయతిదట, లోపలంతా నాసిరకమట. ఆ మాట అక్క తండ్రి చెవిన పడింది. నకిలీ వాచీ పెట్టినోళ్ళు నా బిడ్డను ఏం చూసుకుంటారు, ఈ సంబంధమే వద్దని ఆయన ఎగిరాడు. అక్క అన్నం మానేసింది. నేనేమో ఆ పూట మారు వడ్డించుకుని మరీ తిన్నాను.

వాచీ చూడవలసింది మా మేనత్తే. మామయ్య పోయాక ఆయన వాచీలు బాగుచేసే బల్ల ముందు ఆమే కూర్చునేది. ధారూర్, మోమిన్‌పేట్ నుంచి కూడా ఆగిపోయిన వాచీలు ఆమె దగ్గరికే వచ్చేవి. నోరు మాత్రం మహా దురుసు. అక్క కళ్ళు తుడుచుకుంటూ వాచీ విప్పి ఇచ్చింది. పక్కన ఆమె తండ్రి, గడప దగ్గర వాడలోని ఆడవాళ్ళు. అత్తమ్మ వెనక మూత తెరిచి, భూతద్దం తన కంటికి పెట్టుకోకుండా నన్ను పిలిచి నా చేతిలో పెట్టింది.

"నువ్వు జూడే పోరీ. గీ అక్క మీద నీకున్నంత కుళ్ళు ఇంకెవలికి లేదు. తప్పుంటే నీ కండ్లకే దొరుకుతది."

అప్పుడు చూడాలి నా సంతోషం! ముందుగా ఆమె తన డబ్బాలోంచి ఒక నకిలీ వాచీ తీసి, ఎక్కడెక్కడ వెతకాలో చూపించింది. దాని చక్రాల పళ్ళు గరుకుగా ఉన్నాయి, మరమేకుల తలలు చితికి ఉన్నాయి. పేరు ముఖం మీదే గానీ లోపల ఎక్కడా లేదు. అన్నిటికన్నా మోసం కెంపులది. అసలు వాచీలో చక్రం ఇరుసు కెంపు నడుమ కూర్చుని తిరుగుతుందట. ఇందులో ఎర్రరాళ్ళు ఊరికే సింగారానికి అతికించారు, వాటికీ చక్రాలకూ పొత్తే లేదు.

ఇక అక్క వాచీ మీద పడ్డాను. తలలో పేలు చూసినట్టు చూశాను. మరమేకుల తలలు నున్నగా మెరుస్తున్నాయి. చక్రాల పళ్ళలో ఒక్కటీ గరుకుగా లేదు. బయట ఉన్న పేరే లోపల కూడా చెక్కి ఉంది. ఒక్క కెంపన్నా అబద్ధం కాకపోతుందా అని దేవుడికి మొక్కుకుంటూ వెతికాను. ఏ కెంపు చూసినా నడుమ తలవెంట్రుకంత ఇరుసు కూర్చునే ఉంది. ఎవరూ చూడని చోట అంత పని చేసి పెట్టారు. దొంగమొహం వాచీ, ఎంత ముద్దుగా ఉందో! నా కడుపు ఇంకా మండింది.

"చెప్పవేందే? నోట్ల బెల్లం వెట్టుకున్నవా?" అంది అత్తమ్మ.

నకిలీ అని ఒక్క మాట అంటే చాలు, అక్క చెయ్యి బోసిపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ కెంపులను కళ్ళారా చూశాక ఎట్లా అనను? "అసలుదే" అని భోరుమన్నాను.

అక్క తండ్రి ఫక్కున నవ్వాడు. "గీ పొల్లనే అసలుదన్నంక ఇంకెవడు కాదంటడు!" గడప దగ్గరి ఆడవాళ్ళు చప్పుడు లేకుండా జారుకున్నారు. అక్క నన్ను పట్టుకుని తానూ ఏడ్చింది. తన పెళ్ళి నిలిచిందన్న ఆనందంతో ఏడుస్తున్నాననుకుంది, పిచ్చిది.

అత్తమ్మ అప్పుడు తానొకసారి చూసి మూత బిగించింది. "గంత కుళ్ళుల గూడ నిజమే జెప్పినవ్. రేపటి సంది నా పక్కన గూసో" అంది.

అక్క పెళ్ళయి రైలెక్కి తాండూరు పోయింది. కిటికీలోంచి ఆ వాచీ చేత్తోనే చెయ్యి ఊపింది. నా కుళ్ళు మాత్రం ఇప్పటికీ పోలేదు. మొన్న ఎదురింటామె తన కొత్త కోడలి గురించి ఒకటే గొప్పలు పోతుంటే కడుపు రగిలి, ఆ పిల్లలో తప్పు కోసం వారం పొడుగునా వెతికాను. దొరకలేదు. వాళ్ళింటికి పోయి, అందరి ముందే, పళ్ళు కొరుక్కుంటూ చెప్పి వచ్చాను: "నీ కోడలు అసలుదే."