రెండో ఆదివారాల ఊరు

మా ఆవిడ పోయి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. బంజారా హిల్స్‌లోని ఆసుపత్రి నుంచి ఉదయం పదింటికి ఇంటికి తెచ్చాం. ఫిల్మ్‌నగర్‌లోనూ కృష్ణానగర్‌లోనూ ఆమెను ఎరిగినవాళ్ళకు కబురు సాయంత్రానికి గాని అందలేదు. అందరూ షూటింగుల్లో ఉన్నారు. పేకప్ చెప్పగానే కొందరు వేషాలు తీయకుండానే వచ్చారు. పూజారి వేషంలో ఒకాయన, పోలీసు చొక్కాలతో ఇద్దరు, పెళ్ళి పట్టుచీరల్లో నలుగురు ఆడవాళ్ళు. అప్పటికి అంతా అయిపోయింది. గేటు దగ్గర ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. ఆమె ఉంటే ఎవరు ముందుండాలో, ఎవరు గోడకి ఆనుకోవాలో సర్ది ఉండేది.

ఆమె ఫోటోలు తీసేది. ఈ పత్రిక చదివేవారిలో కొందరు వాటిని చూసి ఉండవచ్చు. చూడనివారి కోసం చెబుతాను. అవి చిన్న ఊళ్ళో మామూలు మనుషుల ఫోటోల్లా ఉంటాయి. దర్జీ కొట్టు, డాక్టరు గది, రేషన్ షాపు ముందు వరస. కానీ అందులో దర్జీ దర్జీ కాదు, డాక్టరు డాక్టరు కాదు, ఆ గోడల వెనక ఇల్లు లేదు. అన్నీ సినిమా సెట్లు. అందరూ జూనియర్ ఆర్టిస్టులు.

ఆమెది గుంటూరు జిల్లాలో ఒక చిన్న టౌను. సినిమా మద్రాసు నుంచి ఇటు కదులుతున్న రోజుల్లో నా ఫిల్మ్ ల్యాబు ఉద్యోగంతో పాటు మేమూ మద్రాసు వదిలి ఇక్కడికి వచ్చాం. అప్పుడు ఫిల్మ్‌నగర్ అంటే బండరాళ్ళు, వాటి మధ్య పది ఇళ్ళు. నీళ్ళ ట్యాంకరు వచ్చిన రోజు పండగ. ఆమె యూసుఫ్‌గూడలో ఒక బడిలో డ్రాయింగు టీచరుగా చేరింది. ఒక వేసవిలో పుట్టింటికి వెళ్ళి, అనుకున్నదానికంటే వారం ముందే తిరిగి వచ్చేసింది. చిన్నప్పుడు తనను తీసుకెళ్ళిన డాక్టరు గదిని పడగొట్టారట. దర్జీ వీధిలో ఇప్పుడు ఒక్క దర్జీ కూడా లేడట. సంచీ కింద పెట్టకుండానే అంది: “ఊరు అక్కడ లేదండి. ఇక్కడ కట్టుకోవాలి.”

తెలుగు సినిమాకి నెలలో రెండో ఆదివారం సెలవు. షూటింగులు ఉండవు. వేసిన సెట్టు వేసినట్టు ఖాళీగా ఉంటుంది. నాకు తెలిసిన ఒక ఆర్ట్ డైరెక్టరు, ఏదీ కదపకూడదనే షరతు మీద, ఆమెను లోపలికి రానిచ్చాడు. ఆ షరతు మొదటి నెలే తప్పింది. ఆయన వేసిన గోడ ఆమెకు నచ్చలేదు. బెంచీ మీద రోజూ జనం కూర్చుంటే వాళ్ళ తలల నూనె గోడకి అంటదా అంది. కొబ్బరినూనె చేత్తో రాసి, బెంచీ పైన తలలు ఆనే ఎత్తున ఐదు మరకలు చేసింది. తలుపుకి కూడా చెయ్యి పడే చోట మాత్రమే మాసిపోవాలి అనేది. సోమవారం షూటింగు మొదలయ్యాక చూస్తే, శనివారం తీసిన షాట్లలో గోడ శుభ్రంగా ఉంది, ఇప్పుడు ఐదు తలకాయల మరకలున్నాయి. ఆర్ట్ డైరెక్టరు ల్యాబుకి ఫోను చేసి నన్ను తిట్టాడు. ఆ తర్వాత ప్రతిసారీ ఆమె తన వెంట సున్నం బకెట్టు కూడా తీసుకెళ్ళేది. ఫోటో అయ్యాక మరకల మీద తనే సున్నం కొట్టేసేది.

నెలలో ఉన్న ఒక్క సెలవునూ జూనియర్ ఆర్టిస్టులు ఆమెకిచ్చేవారు. ఎందుకో నాకు చాలాకాలం అర్థం కాలేదు. బోరబండ నుంచి యాదమ్మ అనే ఆమె వచ్చేది. సినిమాల్లో ఊరి జనంలో నిలబడి ఏడవడం ఆమె పని. డాక్టరు గది ఫోటో రోజున బెంచీ మీద కూర్చుని, “అమ్మా, గీడ ఏడ్వాల్నా, నవ్వాల్నా? జర చెప్పు” అని అడిగింది.

మా ఆవిడ కెమెరా దగ్గర్నుంచి తల ఎత్తలేదు. “రెండూ వద్దు. ఈ డాక్టరు దగ్గరికి ఎందుకొచ్చావో అనుకో. నాకు చెప్పకు. చెబితే మొహంలోంచి పోతుంది.”

మూడు గంటలు సర్ది, ఒక్కటే ఫోటో తీసేది. మరీ అనుమానమైతే రెండు. ఆ రోజు అందరూ టీ తాగుతుంటే యాదమ్మ నా పక్కకి వచ్చి మెల్లగా అంది: “ఇరవై ఏండ్ల సంది గుంపుల నిలబడుతున్న సారూ. నువ్వెందుకొచ్చినవని ఎవ్వరడగలే.”

ఆ డాక్టరు గది ఫోటో దగ్గరే నేను తప్పు చేశాను.

నేను ల్యాబులో కలర్ గ్రేడర్‌ని. వచ్చిన ప్రతి రీలులోనూ రంగులు సరిచూసి, మొహాలు మొహాల్లా ఉండేట్టు చేయడం నా పని. హీరోయిన్ మొహం ఒక షాట్‌లో పచ్చగా, ఇంకో షాట్‌లో ఎర్రగా ఉంటే నిర్మాత ఊరుకోడు. ఆ డాక్టరు గదిలోలా ట్యూబ్‌లైటు కింద తీస్తే ఫిల్ములో అంతా ఆకుపచ్చ ఛాయ పడుతుంది. ఆమె నెగటివు ఇచ్చి ప్రింటు వేయమంటే, అలవాటుగా ఆ పచ్చదనం మొత్తం తీసేశాను. గది తెల్లబడింది. యాదమ్మ బుగ్గల మీదికి రంగొచ్చింది. సంతోషపడుతుందని ఇంటికి తెచ్చాను.

ఆమె కిటికీ దగ్గర పట్టుకుని చాలాసేపు చూసింది. “శుభ్రంగా ఉందండి. మా ఊరు కాదు” అని టేబులు మీద పెట్టింది.

మళ్ళీ వేస్తానన్నాను. వద్దంది. ఆ తర్వాత రెండేళ్ళు, చివరి రీలు దాకా, నెగటివులు నాకివ్వలేదు. బస్సెక్కి అబిడ్స్‌లో ఒక స్టూడియోకి తీసుకెళ్ళేది. ఇంట్లో దీని మీద మాట లేదు. కాఫీ మామూలుగానే ఇచ్చేది, నేను మామూలుగానే తాగేవాణ్ణి. ఇంకోసారి అడిగి ఉంటే ఇచ్చేదేమో. నేను అడగలేదు. ఆ రెండేళ్ళు ఇప్పుడు నాకు కావాలి.

ఆ ఫోటోలతో ఒక్కసారే ప్రదర్శన జరిగింది. నేనూ వెళ్ళాను, ఒక మూల నిలబడ్డాను. పెద్దాయన ఒకరు దర్జీ కొట్టు ముందు ఆగిపోయి, “ఇది మా సత్తెనపల్లే కదమ్మా?” అన్నాడు. అవునండి అంది. కాసేపటికి ఇంకొకాయన అదే ఫోటోని జనగామ అన్నాడు. ఆయనకీ అవునండి అంది. దారిలో ఆటోలో అడిగాను, అలా అబద్ధం చెప్పొచ్చా అని. “అక్కడ నిలబడి వాళ్ళు ఊరు వెళ్ళొచ్చారు. కాదని చెప్పడానికి నేనెవర్ని?” అంది.

పోయిన ఏడాది ఆమెకు కాలేయం చెడింది. ముందు కళ్ళు పచ్చబడ్డాయి, తర్వాత ఒళ్ళంతా. బడి మానేసింది. రెండో ఆదివారాలు మానలేదు. చివరిసారి వెళ్ళింది ఒక బస్టాండు సెట్టుకి. యాదమ్మ, ఇంకో నలుగురు వచ్చారు. వాళ్ళందరినీ వెనక గోడ దగ్గర నిలబెట్టింది. ముందు బెంచీ ఖాళీగా ఉంది. ఎవర్ని కూర్చోబెడతావని అడిగితే, తను వెళ్ళి కూర్చుంది.

“మీరు నొక్కండి.”

ఒళ్ళు బాగుపడ్డాక తీసుకుందాం అన్నాను. నన్ను అలాగే చూస్తూ ఉంది. ఆ చూపుకి నేను ఏనాడూ ఎదురు చెప్పింది లేదు. కెమెరా దగ్గరికి వెళ్ళాను. ఇల్లు చేరాక ఆ రీలు చేతిలో పెట్టి అంది: “దీన్ని అబిడ్స్ పంపను. మీరే వేయండి. మొహం బాగుచేయకండి.”

సరే అన్నాను. వేసేలోపు ఆసుపత్రిలో చేరింది.

పన్నెండో రోజు అయ్యాక ల్యాబుకి వెళ్ళాను. ఒప్పుకున్న మాట గుర్తుంది. చేతులు మాత్రం ముప్పై ఏళ్ళ అలవాటున పోయాయి. పసుపు తీశాయి, కాస్త ఎరుపు కలిపాయి. ప్రింటు బయటికి తీస్తే, మద్రాసులో మేం కొత్తగా కాపురం పెట్టినప్పటి మనిషి నన్ను చూసింది. దాన్ని ఇంటికి తెచ్చి ముందుగదిలో పెట్టుకున్నాను. మూడు రోజులు దాని ముందు నుంచి లేవలేదంటే అతిశయోక్తి కాదు.

నాలుగో రోజు యాదమ్మ పలకరించడానికి వచ్చింది. ఫోటో వైపు చూసి, పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఏడుస్తోందనుకున్నాను.

“గా దినం అమ్మ గిట్ల లేకుండె సారూ. నేను ఎనకనే ఉన్న కదా. గీమె ఎవరో, సిన్మాల హీరోయిన్ తల్లి లెక్కున్నది.”

ఆమె టీ తాగి, కప్పు కడిగి పెట్టి, వెళ్ళేముందు ఇంకో మాట అంది. “అమ్మకు మంచిగ లేకున్నా వచ్చి కూసున్నది. గా సంగతి తుడిచేస్తివి.”

మర్నాడు మళ్ళీ ల్యాబుకి వెళ్ళాను. ఈసారి ఏదీ కలపలేదు, ఏదీ తీయలేదు. నెగటివు ఎలా ఉంటే అలా వదిలేశాను. పచ్చటి కళ్ళు, మెడ దగ్గర ఎముక, వదులైపోయిన గాజులు. చూడడం కష్టంగా ఉంది. కానీ ఆమె ఉంది. ఆ మూడు రోజులూ నేను చూసినది ఆమెను కాదు.

ప్రింటు ఆరడానికి వరండాలో క్లిప్పు పెట్టి వేలాడదీశాను. ఎదురుగా నిలబడి మొదటిసారి ఫోటో మొత్తం చూశాను. నొక్కిన రోజున ఆమె మొహం తప్ప నేను ఇంకేమీ చూడలేదు. ఆమె బెంచీకి ఒక కొసన ఒదిగి కూర్చుంది. పక్కన ఒక మనిషి పట్టే చోటు వదిలింది. రద్దీ బస్సులో కిటికీలోంచి వేసి సీటు ఆపినట్టు, ఆ చోటులో ఒక చేతిరుమాలు పరిచి ఉంది. అంచున నీలం గీత. నాదే.