గాలి తిని బలిసిన కుక్క

గాలిమర రెక్క తిరిగేటప్పుడు వచ్చే హోరు నాకు బాగా అలవాటు. నిన్న సాయంత్రం బాగేపల్లి దగ్గరి గుట్టమీద ఆ హోరు లేదు. గాలి మందంగా ఉంది, రెక్కలు ఆపేసి ఉన్నాయి. బండసందుల్లోంచి చిన్న గబ్బిలాలు వచ్చి ఆ రెక్కల చుట్టూ పురుగుల్ని పట్టుకుంటున్నాయి. ఈ సంగతి చెప్పకుండా ఉండలేను. అయితే ముందు సరోజ మేడమ్ గురించి చెప్పాలి.

ఆమె చింతామణి కాలేజీలో మాకు జంతుశాస్త్రం చెప్పేవారు. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. పాసైన ఏడాదే, గాలిమరల కింద రెక్కలు తగిలి గబ్బిలాలు చచ్చిపడుతున్నాయేమో చూసే పనికి మేడమ్ నన్ను పిలిచారు. మేము రాసిచ్చేదాన్ని బట్టే ఆ మరల్ని ఎలా తిప్పాలో తేలుతుంది. రోజూ పొద్దున్నే గడ్డిలో వెతికేదాన్ని. ఏమీ దొరకలేదు. గాలిమరల కంపెనీ ఆఫీసరు, "ఏమీ లేదని రాసిచ్చేయమ్మా, పని అయిపోతాది" అన్నాడు. నేనూ సంబరంగా మేడమ్ దగ్గరికి వెళ్లాను.

"ఒగటీ లేదు మేడమ్!"

"లేదా, నీకు కనబళ్లేదా?"

అప్పుడే కాపలాదారు నారాయణప్ప తన నల్లకుక్క కరియను వెంటబెట్టుకుని వచ్చాడు. మేడమ్ దాని వీపు నిమిరారు.

"ఏమప్పా, ఇంత బలిసుండాడే! ఏం పెడతాండావు?"

"నేనేం పెడ్తాను మేడమ్! రాగిముద్ద ఏస్తే మూతి తిప్పుకుంటాడు. కొండమింద గాలి తినే బలుస్తాండాడు."

అందరం నవ్వాం. మేడమ్ నవ్వు ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆ సాయంత్రమే కోళ్లఫారం నుంచి చచ్చిన కోడిపిల్లల్ని తెప్పించి మరల కింద అక్కడక్కడా వేయించారు. పొద్దున చూస్తే ఒక్కటీ లేదు.

"ఈ రాత్రికి కరియను కట్టేస్తావా అప్పా?"

"కట్టేస్తే మొరిగి మొరిగి సంపుతాడు మేడమ్."

"మొరగనీ."

మర్నాడు గడ్డిలో గబ్బిలాలు దొరికాయి. రెక్కలు చాపుకుని, ఆకుల్లా పడి ఉన్నాయి. ఇన్నాళ్లూ మాకంటే ముందే కరియ వచ్చి తినేసి వెళ్లేదన్నమాట. నేను లేదన్న సంగతి ఎత్తి మేడమ్ నన్ను ఒక్క మాట అనలేదు. దొరికినవాటి లెక్క రాసిన కాగితం నా ముందుకు జరిపి, "వెతికింది నువ్వు. నువ్వే సంతకం పెట్టు" అన్నారు. మా నాన్న వేలిముద్ర వేసే మనిషి. నేను పేరు మొత్తం అక్షరం అక్షరం రాశాను. ఆఫీసరు మాత్రం చాలాకాలం మొహం చిట్లించుకునే తిరిగాడు.

గబ్బిలాలు ఎక్కువగా ఎగిరేది మందగాలిలోనే. ఆ గాలికి పుట్టే కరెంటు కూడా కొంచెమే. మందగాలి వేళ చీకటిపడ్డాక రెక్కలు ఆపడానికి కంపెనీ చివరికి ఈ వానల ముందు ఒప్పుకుంది. "లేదు" అన్న మాట నా నోట ఇప్పటికీ తొందరగా రాదు. కొత్త గుట్ట ఎక్కితే, ఇక్కడ కుక్కలున్నాయా అనే మొదట అడుగుతాను.

రిటైరై మైసూరులో ఉంటున్న మేడమ్‌కు నిన్న గుట్టమీది నుంచే ఫోన్ చేశాను.

"మేడమ్, రెక్కలు నిలిపినారు! రాత్రి కరియను కట్టేసి పొద్దున్నే వెతికినా. నాకేం కనబళ్లేదు!"

మేడమ్ ఒక్కటే అడిగారు.

"కరియ ఎట్లుండాడు?"

"బక్కచిక్కినాడు మేడమ్. ముద్ద తింటాండాడు."