ఆరు గంటల ట్యాంకరు ఎవరి ఆలోచన

ఆ ఏడు ఎండలు ముదరకముందే మా మండలాఫీసుకు ఒక సర్క్యులర్ వచ్చింది. ఆఫీసు ఖర్చు తగ్గించే ఉపాయం చెప్పిన ఉద్యోగికి ఆగస్టు పదిహేనున ప్రశంసాపత్రం, శాలువా ఇస్తారట. ఖర్చు తగ్గించమని చెప్పడానికి నాలుగు పేజీల కాగితాన్ని ఆరు కాపీలు తీసి పంపినవాళ్ళకు ఉపాయం చెప్పే ధైర్యం నాకు లేదు. జూనియర్ అసిస్టెంటును కదా, చదివి ఫైల్లో పెట్టేశాను.

మాది పుల్లలచెరువు పక్క, అడవి అంచు పల్లెలు. మార్చి దాటితే బోర్లు గాలి కక్కుతాయి. ఇక ట్యాంకర్లే గతి. ఆఫీసులో సగం పని వాటి బిల్లులే. ఒక్కో పల్లెకు రోజుకొక ట్రిప్పు అని రాసుకుంటాం, తీరా చూస్తే రెండు పోతాయి. ఎందుకు పోతాయో అడిగినవాడు లేడు. జనం ఎక్కువ వాడుతున్నారని మాలో మేమే తీర్మానించుకున్నాం.

బిల్లుల పని తెమలక నేను తెల్లారుతూనే ఆఫీసుకొచ్చిన ఒకరోజు, మా ఆఫీసు ఊడ్చే అక్క నా టేబులు తుడుస్తూ ఆ బిల్లులు చూసి నవ్వింది. ఆమెది దగ్గరలోని కాలనీయే. పొద్దున మా ఆఫీసు ఊడ్చి, ఆపైన కూలికి పోతుంది.

"ఏందక్కా నవ్వుతావు?" అన్నాను.

"నవ్వక ఏంజేయమంటావు అబ్బయ్యా. మేమంతా ఏడుకల్లా కూలికి పోతాము. మీ ట్యాంకరేమో పదకొండుకు వస్తాది. ఇంటికాడ ఉండేది ముసలోళ్ళు, పసిపిల్లోళ్ళు. వాళ్ళేం మోస్తారు? సగం నేలపాలు. సాయంత్రం మేం వచ్చి గొడవ చేస్తే మళ్ళా ఇంకో ట్యాంకరు. అదేదో ఆరుకే పంపితే రెండోదానితో పనేంది?"

పదకొండు గంటలు ఎందుకో నాకు తెలుసు. ట్రిప్పు షీటు మీద సంతకం పెట్టే మనిషి టౌను నుంచి బస్సులో వచ్చేది అప్పుడే. జనం నీళ్ళ వేళను మేము మా సంతకం వేళకు కట్టేశాం. ఆ మాటంటే ఆమె దానికీ దారి చెప్పింది. "మా పొదుపు సంఘం లీడరుకు సంతకమొస్తది. ట్యాంకరు కాడ ఆమె పెడ్తది."

ఫైల్లో నుంచి సర్క్యులర్ మళ్ళీ తీశాను. దానికి జతచేసిన ఫారంలో మొదటి గడిలోనే ఉద్యోగి నంబరు వేయమన్నారు. ఆమె అవుట్ సోర్సింగు, నంబరు లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, అదన్నమాట. నా పేరుతో పంపుతానని, పిలిచినప్పుడు ఆలోచన నీదేనని అందరి ముందూ చెప్తానని మాటిచ్చాను. "శాలువా నువ్వే కప్పుకో, నా పేరు చెప్తే చాలు," అంది.

ఆరు గంటల ట్యాంకరు మొదలైంది. నెల తిరిగేసరికి చాలా పల్లెల్లో రెండో ట్రిప్పు ఆగిపోయింది. జూలై ఆఖరున ప్రశంసాపత్రం అందుకోమని నాకు పిలుపు వచ్చింది. ఆ ఆదివారం అక్క వాళ్ళ చర్చిలో లేచి సాక్ష్యం చెప్పిందట. చదువురాని తన మాటను దేవుడు పెద్ద సారుదాకా పంపినాడని, ఆగస్టు పదిహేనున మార్కాపురంలో తన పేరు చదువుతారని చెప్పిందట. ఈ సంగతి ఆమే మురిసిపోతూ చెప్పింది. నాకు కొంచెం భయం వేసింది. అయినా ఒక్క మాటే కదా, చెప్పేద్దాంలే అనుకున్నాను.

పదిహేనున అక్క నలుగురు ఆడవాళ్ళను వెంటేసుకుని ఆటోలో వచ్చింది. ఇస్త్రీ చీర కట్టుకుంది. షామియానా పక్కన, తాడు అవతల నిలబడ్డారు. నా వంతు వచ్చింది. పెద్ద అధికారి శాలువా కప్పి, కాగితం చేతికిచ్చి, మైకు నా వైపు తిప్పాడు. "మంచి ఆలోచన. మీకెలా తట్టింది?" అని అడిగాడు.

ఆ ప్రశ్న నా కోసమే అడిగినట్టుంది. నోరు తెరిచి చెప్పాల్సింది ఒక్క ముక్క. "ఫీల్డులో గమనించాను సార్" అన్నాను. చప్పట్లు కొట్టారు.

ఎందుకలా అన్నానో చాలాకాలం ఆలోచించాను. ఊడ్చే మనిషి చెప్పిందంటే అధికారి చిన్నచూపు చూస్తాడని భయపడ్డానని కొన్నాళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆయన మంచివాడే, సంతోషించేవాడు. అన్నేళ్ళ ఉద్యోగంలో పైవాళ్ళు నన్ను అడిగింది "ఫైలెక్కడ" అని మాత్రమే. మీకెలా తట్టిందని మొదటిసారి ఒకరు అడిగితే, ఆ తట్టడం నాదే అయితే బాగుండునని ఆశపడ్డాను. సొమ్మొకడిది, సోకొకడిది. దిగి వచ్చేసరికి తాడు అవతల ఎవరూ లేరు.

మర్నాడు పొద్దున ఆమె ఎప్పటిలాగే వచ్చి ఊడ్చింది. నా టేబులు కూడా తుడిచి కూలికి పోయింది. తిట్టినా బాగుండేది. నాలుగో రోజుకు అటెండరు చెప్పాడు, కాలనీలో ఆమెను చర్చిలో అబద్ధపు సాక్ష్యం చెప్పిన మనిషని ఆడిపోసుకుంటున్నారని. ఆ ఆదివారం ప్రశంసాపత్రం పట్టుకుని వాళ్ళ చర్చికి పోయాను. పాస్టరుగారిని అడిగి, చాపల మీద కూర్చున్న జనం ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆలోచన ఆమెది, మాట తప్పింది నేను అన్నాను. వాళ్ళు చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఒక ముసలామె అక్క చెయ్యి పట్టుకుని ఏడ్చింది కూడా.

పాపం కడుక్కున్నాననే అనుకున్నాను. బయటికి వచ్చాక చెప్పులు వేసుకుంటుంటే అక్క దగ్గరికి వచ్చింది. కాగితం ఆమె చేతిలో పెట్టబోతే తీసుకోలేదు. కోపంగా లేదు. అలసిపోయినట్టుంది.

"వచ్చి చెప్పినావు, సంతోషం అబ్బయ్యా. మావాళ్ళు ఇయ్యాల తిడ్తారు, రేపు కలుస్తారు. నేనేందో వాళ్ళకు ఎప్పుడో తెలుసు," అంది. "తెలియాల్సింది ఆ సారుకు."