తడిగోడ మీది ఫెర్న్‌లు

మొన్న మలక్‌పేట నర్సరీలో ఫెర్న్ ఆకును తిప్పి చూస్తే, అడుగున గోధుమరంగు చుక్కలు కనిపించాయి. పురానాపూల్‌లో మా బర్రెల కొట్టం తడిగోడ గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు ఒక ఎండాకాలంలో ఆ గోడ మీది ఫెర్న్‌లు ఎండిపోతే నేను ఏడ్చాను. "వానలు పడితే మళ్ల వస్తయి బిడ్డా" అన్నాడు బాపు.

ఆ ఎండాకాలమే బాపు కామెర్లతో చనిపోయాడు.

వానలు బాగా పడ్డాక గోడ మీద లేత ఆకులు చుట్టలు విప్పుకున్నాయి. పాలు పిండుతున్న అమ్మ దగ్గరికి పరుగెత్తాను.

"అమ్మా, అవి వచ్చినయ్. బాపు ఎప్పుడొస్తడు?"

అమ్మ పాల చెంబు పక్కన పెట్టింది. లేచి వెళ్లి, ఆ మొక్కలన్నీ వేర్లతో సహా పీకి పారేసింది.

వచ్చినవి పాత మొక్కలు కావనీ, ఆకుల అడుగు చుక్కల నుంచి రాలిన పొడితో మొలిచిన కొత్తవనీ తర్వాత బడిలో చదివాను. అప్పటికే ఇంట్లో బాపు మాట ఎత్తడం మానేశాను.